బోర్డు మీది సముద్రం

"సముద్రం సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నది!"

ఈ మాట అన్నది వైద్యుడు కాదు, చేపలు పట్టేవాడు కాదు, సముద్రం అంతకన్నా కాదు. సముద్రజల పరిశోధన కేంద్రం డైరెక్టరు గారు. అనడమంటే నోటితో అనడం కాదు. గుండ్రటి ముద్ర వేయించి, ఆరు ప్రతులు తీయించి మరీ అన్నారు. అన్ని ముద్రలు పడ్డాక ఇక జబ్బు పడే ధైర్యం ఏ సముద్రానికి ఉంటుంది!

కానీ ఆ కేంద్రంలో కొలతలమ్మ ఉంది. ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. రోజూ పొద్దున్నే రేవు చివరిదాకా నడిచి, సముద్రపు నీళ్లు తెచ్చి, వాటి పీహెచ్ కొలవడం పదిహేడేళ్లుగా ఆమె పని. ఆ అంకె తగ్గిందంటే నీళ్లు పులుపు వైపు జరుగుతున్నాయని అర్థం. ఆమె కొలిచిన అంకె కేంద్రం గేటు మీద ఎర్ర దీపాల బోర్డులో వెలిగేది. తీరం వెంబడి ఆల్చిప్పల పిల్లలను పెంచేవాళ్లంతా ఆ బోర్డు చూసుకునే తమ తొట్లలోకి సముద్రపు నీళ్లు వదులుకునేవాళ్లు.

మామూలుగా 8.1 దగ్గర ఉండే అంకె ఆ రోజు 7.8 వచ్చింది. మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ అంతే. కాగితం పట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్లింది.

"ఇదేంటమ్మా! ఇంకో వారంలో వాతావరణ సదస్సు వాళ్లు వస్తుంటే ఈ అంకె తెచ్చావు?"

"నేను తేలేదు సార్. సముద్రంలో ఉంది."

"ఉంటే అక్కడే ఉండనివ్వాల్సింది!"

"ప్రపంచం వదిలే బొగ్గుపులుసు వాయువులో నాలుగో వంతు దాకా సముద్రమే మింగుతోంది సార్. పేరులోనే పులుసుంది, నీళ్లలో కలిశాక ఊరుకుంటుందా? దానికి తోడు గాలి మళ్లి అడుగు నీళ్లు పైకొస్తున్నాయి. అవి ఇంకా పులుపు."

"మింగడం సేవమ్మా, సేవ! సదస్సులో మనం చెప్పుకోబోయేదే అది. మన సముద్రం ఎంత పొగనైనా అరిగించుకుంటుంది కాబట్టి ఇంకో నాలుగు పొగగొట్టాలకు అనుమతి ఇవ్వండని అడుగుతాం. నువ్వేమో దానికి పులితేన్పులు వస్తున్నాయంటావు! అయినా ఏడు దాటితే క్షారమే కదా? నేనూ చదువుకున్నాను."

"మన రక్తమూ క్షారమే సార్, 7.4. అది 7.1కి దిగితే ఐసీయూలో పడుకోబెడతారు."

"రక్తం ఆరోగ్య శాఖది. మనది సముద్రం."

ఆ మాటతో చర్చ ముగిసింది. ఆయన పెన్ను తీసి 7.8ని ఎనిమిదిగా సవరించారు. ఎనిమిది ఒంటరిగా బోసిపోయి కనిపించింది కాబోలు, పక్కన పాయింటు రెండు చేర్చారు. బోర్డు మీద 8.2 వెలిగింది.

కొలతలమ్మ ఏం చేసింది? సీసాలు కడుక్కుంది. పైవాళ్లున్నారు, చూసుకుంటారులే అని తనకు తానే నచ్చజెప్పుకుంది.

నాలుగో రోజు ఆమె బావ వచ్చాడు. అక్కా బావా ఆ ఒడ్డునే ఒక షెడ్డు వేసుకుని ఆల్చిప్పల పిల్లలను పెంచుతున్నారు. బావ చేతిలో బకెట్టు, బకెట్టు అడుగున తెల్లటి పొడి.

"ఇదేంటి బావా?"

"పిల్లలు. నలభై లక్షలు." బావ బకెట్టు వంచి చూపించాడు. "పుట్టిన రెండు రోజుల్లో చిప్ప కట్టుకోవాలి కదా, కట్టుకోలేకపోయాయి. మీ అక్క ముద్ద ముట్టడం లేదు. నీ బోర్డు చూసే కదమ్మా తూము ఎత్తాను!"

"అది నేను కొలిచిన అంకె కాదు బావా."

బావ బకెట్టు ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. "మరి నువ్వెందుకున్నావక్కడ?"

పదిహేడేళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు.

సదస్సు వాళ్లు వచ్చారు. పొగ మింగినందుకు సముద్రానికి ప్రశంసాపత్రం ఇచ్చారు. సముద్రం వేదిక ఎక్కలేదు కాబట్టి దాని తరఫున డైరెక్టరు గారే తల వంచి అందుకున్నారు. అతిథుల్లో ఒక ముసలావిడ ఊరికే ఉండలేక, "ఇవాళ ఎంత ఉందండీ?" అని అడిగింది.

"8.2!" అన్నారు డైరెక్టరు గారు, బోర్డు చూపిస్తూ.

"7.79," అంది వెనక నుంచి కొలతలమ్మ.

అతిథులు బోర్డు వంక, ఆమె వంక మార్చి మార్చి చూశారు. డైరెక్టరు గారు మాత్రం హాయిగా నవ్వారు. "మా సిబ్బందికి వినయం ఎక్కువండీ! ఉన్నదానికంటే తక్కువ చేసి చెప్పుకుంటారు!"

చప్పట్లు మోగాయి.

మర్నాడే 'సముద్రపు పరువుకు భంగం కలిగించినందుకు' ఆమెను పాత ఫైళ్ల గదికి మార్చారు. కొలిచే యంత్రం బీరువాలోకి వెళ్లి తాళం వేసుకుంది. బోర్డుకు ఇక కొలతతో పనేముంది? ఎండొచ్చినా వానొచ్చినా, పోటొచ్చినా పాటొచ్చినా, 8.2!

కొలతలమ్మ సొంతంగా ఒక చిన్న యంత్రం కొనుక్కుంది. పొద్దున్నే బావ షెడ్డులో ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది. అంకె బాగుంటే తూము ఎత్తమనేది. బాగోకపోతే పులుపు విరగడానికి తొట్టిలో సోడా పొడి ఎంత కలపాలో లెక్కగట్టి చెప్పేది. ఈసారి పిల్లలు చిప్ప కట్టుకున్నాయి. వాటిని భూతద్దంలో చూసి అక్క ఏడ్చింది. ఆ తర్వాత కడుపు నిండా తింది.

కబురు పాకింది. ఒడ్డంతా సీసాలు పట్టుకుని బారు కట్టింది. గందరగోళం లేకుండా కొలతలమ్మ ఒక పుస్తకం పెట్టింది. ఎవరు, ఎక్కడి నీళ్లు, పరీక్షకు కారణం, సంతకం. అందరూ కారణం దగ్గర 'పిల్లలు చస్తున్నాయి' అని రాసేవాళ్లు.

ఒక పొద్దున బారులో పదకొండో మనిషి టోపీని కనుబొమల దాకా లాక్కుని నిలబడ్డాడు. అతని వంతు వచ్చింది. తల ఎత్తక తప్పలేదు.

డైరెక్టరు గారు! పక్క ఒడ్డున ఆయన భార్య పేరిట పదహారు తొట్లున్నాయని ఆ క్షణానే అందరికీ తెలిసింది.

"సీసా సగమే నింపారేంటి సార్? గాలి తగిలితే అంకె మారిపోతుంది. నిండా ముంచి తేవాలి."

ఆయన బూట్లు చేత్తో పట్టుకుని ఒడ్డుకు పరుగెత్తి, నిండు సీసాతో రొప్పుతూ తిరిగొచ్చారు. యంత్రం 7.81 చూపించింది.

"సోడా ఎంత కలపాలో తొందరగా చెప్పమ్మా! మా ఆవిడ ఫోను మీద ఫోను చేస్తోంది."

బావ ఉండబట్టలేకపోయాడు. "మీకేం సార్, మీ గేటు మీదే బోర్డుంది కదా!"

"బోర్డును నమ్ముకుంటే తొట్లు ఎత్తేయాల్సిందేనయ్యా!"

"చెప్తాను సార్," అంది కొలతలమ్మ, పుస్తకం ముందుకు జరుపుతూ. "ముందు ఇందులో రాయండి."

ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసిన చెయ్యి అది. ఖాళీ గడి కనిపిస్తే నింపకుండా ఉండలేదు. కారణం దగ్గర ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: 'కేంద్రం వారి బోర్డుపై ప్రదర్శించు అంకెలు విశ్వసనీయము కానందున.' కింద గీత గీశారు. హోదాతో సహా సంతకం పెట్టారు.

పన్నెండో మనిషి ఆయన భుజం మీదుగా వంగి దాన్ని పైకి చదివాడు, బారు చివరిదాకా వినపడేలా.

"సార్, తేదీ మర్చిపోయారు," అంది కొలతలమ్మ.

ఆయన తేదీ కూడా వేశారు.