మొక్కు పుంజు హత్యకేసు

ఆ రోజు లేస్తూనే సుగుణమ్మ ఒకటే అనుకున్నది: పనులన్నీ పొద్దుగూకకముందే ముగించి హంతకుడి ముందు కూర్చోవాలి. మేళ్లచెరువులో వాళ్ల వెనక గదిలో కిరాయికుండే భాగ్యశ్రీ ఆమె ఫోనులో ఒక సిరీసు పెట్టిచ్చింది. గ్లౌజులు తొడుక్కున్న ఒకడు వరసగా మనుషులను చంపుతుంటాడు. ఒక పోలీసు ఆఫీసరమ్మ వాణ్ని వెతుకుతుంటుంది.

సాయంత్రం కోళ్లను గంప కింద కమ్మి, అరుగు మీద ఒక రాయికి ఫోను ఆనించి కూర్చున్నది.

"ఊరంత కెమెరాలుంటయి. గీడొక్కడే కనవడడా? గా పోలీసోళ్లు గడ్డి తింటున్నరా?"

"నమ్మబుద్ధి కానప్పుడు బంద్ చెయ్యరాదే?" అన్నాడు ఆమె భర్త భీమయ్య, దగ్గుతూ.

"జర ఆగు, ఇంకో శవం దొరుకుతాంది."

మర్నాడు ఒక పెట్ట కనిపించలేదు. ఆ తర్వాత ఇంకొకటి. వెనక గది మెట్ల దగ్గర ఈకలు, నెత్తురు చుక్కలు. సుగుణమ్మ అచ్చం ఆఫీసరమ్మలాగే వంగి చూసింది. తలెత్తితే దండెం మీద గ్లౌజులు ఆరుతున్నాయి. అవి భాగ్యశ్రీ మొగుడు ప్రేమ్‌సాగర్‌వి, సిమెంటు ఫ్యాక్టరీలో పనికి వేసుకునేవి. మధ్యాహ్నం ఆ గదిలోంచి కోడికూర వాసన వచ్చింది. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న పెళ్లానికి తినబుద్ధయిందని అతను బజారు కోడి తెచ్చాడు. బజారు కోడికీ ఇంటి కోడికీ వాసనలో తేడా సుగుణమ్మకు తెలియక కాదు. కానీ ఆ రోజు ఆమె ముక్కు కూడా ఆఫీసరమ్మదే అయిపోయింది.

ముచ్చట పక్కింటి అండాలుకు చెప్పింది. వాడకట్టు దాటేసరికి రెండు కోళ్లు ఏడయ్యాయి. బోరింగు దగ్గర భాగ్యశ్రీ బిందె పెడితే ఆడవాళ్లు తమ బిందెలు పక్కకు జరుపుకున్నారు. అది చూసి సుగుణమ్మ మనసు చివుక్కుమన్నది. అయినా సాయంత్రం మళ్లీ ఫోను ముందే కూర్చున్నది.

తెల్లారేసరికి పుంజు పోయింది. భీమయ్య దగ్గు తగ్గితే కోస్తామని ఎల్లమ్మకు మొక్కిన పుంజు.

"ఎల్లమ్మ సొమ్ము తిన్నంక ఇంకేం మిగిలింది? గది ఖాళీ చెయ్యుండ్రి."

ప్రేమ్‌సాగర్ చేతులు జోడించాడు. "అమ్మా, మేం ముట్టలే. ఎనిమిదో నెలల ఈమెను తీస్కొని యాడికి పోవాలె? కాన్పయినంక పోతం."

"హంతకులందరు గిట్లనే నిమ్మళంగ మాట్లాడుతరు."

ఆ సాయంత్రం వాళ్ల సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కింది. సుగుణమ్మ మాత్రం ఆఖరి భాగమని కోళ్లను కమ్మే పని భీమయ్యకు అప్పగించి అరుగెక్కింది.

"చంపింది ఆఫీసరమ్మేనట! చంపినట్టు ఆమెకే తెల్వదట! తనను తానే ఎతుక్కుంటదా? బుద్ధున్నోడు రాసిండా దీన్ని?" అని ఫోను గుంజుకున్నది. రాయి అక్కడే ఉంది.

భీమయ్య వచ్చి ఆ రాయిని చూశాడు. "ఏమే, గంప మీది రాయి గీడున్నదేంది? బరువు లేకుంటె జంగపిల్లి గంప లేపదా?"

సుగుణమ్మకు సిగ్గుతో చచ్చినంత పనైంది. రాయి తీసుకుని, అప్పుడే కదిలిన ఆటో వెనక పరుగెత్తింది. బోరింగు మలుపులో ఆటో ఆగింది. సామాను నడుమ కూర్చున్న భాగ్యశ్రీ ఆ రాయిని చూసి కడుపుకు చేతులడ్డం పెట్టుకున్నది.

"పోతనే ఉన్నం గదమ్మా. ఇంక కొడ్తవా?"

రాయి చేతిలోంచి జారిపోయింది. "దొంగ దొరికింది బిడ్డా. నేనే. గంప మీద పెట్టేది ఫోనుకు పెట్టిన. పిల్లి పట్కపోయింది. ఇంటికి రా."

"నాకు కాదు, గాళ్లకు చెప్పు. నమ్మితే దిగుత."

బోరింగు చుట్టూ ఉన్న ఆడవాళ్లకు సుగుణమ్మ ఏడుస్తూ మొదటినుంచీ చెప్పింది. "కడుపుతోటున్న పిల్ల అని జాలితోని కత అల్లుతున్నవ్. చంపింది నువ్వే, ఎతికింది నువ్వేనా?" అన్నది అండాలు. ఎవరూ నమ్మలేదు. ఆటో వెళ్లిపోయింది.

కథ బొత్తిగా అతకలేదని అండాలు అందరికీ చెప్పింది, కానీ ఆఖరుదాకా బిందె ఎత్తకుండా విన్నది.