మడుగు దగ్గర స్వచ్ఛంద మరణాలు

ఒక పెద్ద అడవిలో, చచ్చినవాడే తన చావుకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన రోజులొచ్చాయి. అవి ఎలా వచ్చాయో చెబుతాను.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగులు ఎండాయి, చెలమలు ఎండాయి. కొండ కింద మడుగొక్కటే మిగిలింది. పులి అయినా, దుప్పి అయినా దాహమేస్తే అక్కడికే రావాలి. సరిగ్గా అప్పుడే అడవి సభకు ఎన్నికలొచ్చాయి.

గాండ్రయ్య అనే పులి అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. "నన్ను గెలిపిస్తే మడుగు దగ్గర వేట ఉండదు. నీళ్లు తాగేవాళ్ల మీద పంజా ఎత్తను" అని గుట్టగుట్టకీ తిరిగి మాటిచ్చాడు. అతని మీద పోటీకి దిగిన ఎలుగుబంటికి దుప్పుల్ని తినే అలవాటే లేదు. కాబట్టి మానేస్తానని చెప్పే అవకాశం పాపం లేకపోయింది. మానేస్తానన్నవాడే మహానుభావుడని గడ్డి తినేవాళ్లంతా గాండ్రయ్యకే ఓటేశారు.

గాండ్రయ్య కొన్నాళ్లు మాట మీదే నిలబడ్డాడు. తర్వాత ఆకలి మీద నిలబడ్డాడు.

నాగులమ్మ అనే దుప్పికి ఒక్కడే కొడుకు, చుక్కన్న. అప్పుడప్పుడే కొమ్ములు తిరుగుతున్నవాడు. ఒక పొద్దున నీళ్లకని వెళ్లి తిరిగి రాలేదు. వెతుక్కుంటూ వెళ్లిన తల్లికి మడుగు పక్క తుంగలో కొమ్ములూ కాసిన్ని ఎముకలూ కనిపించాయి. నాగులమ్మ వాటిని వాసన చూసింది. ముట్టెతో అటూ ఇటూ కదిలించింది. లేస్తాడేమోనని కాదు, ఊరికే. పొద్దు గుంకేదాకా అక్కడే నిలబడిపోయింది.

మర్నాడు మందంతా వెంటరాగా నేరుగా సభకు వెళ్లింది.

"నీళ్ల దగ్గర చంపనని మాటిచ్చావు కదయ్యా. మరి నా కొడుకు ఎట్లా పోయాడు?"

గాండ్రయ్య మూతి నాక్కుని, "చాలా విచారకరం. విచారణ జరిపిస్తాను" అన్నాడు.

మంద వెళ్లిపోగానే కార్యదర్శి జంబులింగాన్ని పిలిపించాడు. జంబులింగం నక్క. ఇంతకు ముందు ముగ్గురు అధ్యక్షుల దగ్గర పనిచేశాడు. ముగ్గురి కోసం ఒకే రకంగా ఏడ్చాడు.

"మీరు చంపారంటే మాట తప్పినట్టవుతుంది దొరా. రోగమొచ్చి పోయాడందామంటే, రోగానికి కోరలుండవు" అన్నాడు జంబులింగం.

"మరెట్లా?"

"తనే చచ్చిపోయాడందాం."

"తనేనంటే?"

"కావాలని. ఇష్టపడి. బతుకు మీద విరక్తి పుట్టి."

గాండ్రయ్య చెవి గోక్కున్నాడు. "అసలు జంతువులకు చావంటే తెలుసా? కావాలని చావగలవా?"

"అది తేల్చడానికే కదా దొరా, సంఘం వేసేది!"

సంఘానికి పండితుడు కావాలి. ఆచార్య గూబానందం అనే గుడ్లగూబ దగ్గరికి జంబులింగం స్వయంగా వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం కావడంతో ఆచార్యులవారు రెండు కళ్లూ మూసుకుని మేధావిగా ఉన్నారు.

"చావంటే మనుషులకే తెలుసు, జంతువులకు తెలియదు అని నేను జీవితమంతా బోధించానయ్యా. ఇప్పుడు తెలుసంటే ఎట్లా?" అన్నాడు గూబానందం.

"జీవితమంతా ఒకే మాటంటే మీకు మాత్రం విసుగు రాదా? అన్నట్టు, సభ పక్కనున్న మద్దిచెట్టులో చల్లటి తొర్ర ఒకటి ఖాళీగా ఉంది."

"ఉత్తరం వైపుదా?"

"ఉత్తరం వైపుదే."

ఆచార్యులవారు ఒక కన్ను తెరిచారు. "నిజానికి నాకు మొదటినుంచీ కొన్ని సందేహాలున్నాయి."

రెండో సభ్యురాలిగా ఐరావతమ్మ అనే ముసలి ఏనుగును వేశారు. ఆవిడంటే అడవంతటికీ గౌరవం. ఎంత నిజాయితీపరురాలంటే, ఉత్తర్వు లేనిదే వీపు మీద ఈగను కూడా తోలుకోదు.

విచారణ మొదలైంది. మొదట కొండముచ్చు కొండమ్మను పిలిచారు. ఆమె పిల్ల ఎండదెబ్బకు పోయి కొన్నాళ్లయింది. ఎండి ముడుచుకుపోయిన ఆ పిల్లను ఆమె ఇంకా చంకలోనే పెట్టుకు తిరుగుతోంది.

"ఈ పిల్ల చచ్చిపోయిందని నీకు తెలుసా?" అనడిగాడు గూబానందం.

"తెలుసు."

"తెలిసీ ఎందుకు మోస్తున్నావు?"

"దించితే కింద ఒక్కతే ఉంటుందయ్యా."

ఐరావతమ్మ కళ్లు చెమర్చాయి. ఒక్క జంబులింగం మాత్రం సంతోషంగా తోక ఊపాడు.

"విన్నారుగా! తెలుసట! జంతువులకు చావంటే తెలుసని ఇక్కడికిక్కడే రుజువైపోయింది. తల్లీ, నువ్వు శాస్త్రానికి ఎంతో మేలు చేశావు. ఇక దిగు."

తర్వాత నాగులమ్మ వంతు వచ్చింది.

"మీ అబ్బాయి ఈమధ్య దిగులుగా ఉండేవాడా?" అన్నాడు గూబానందం.

"నీళ్లు లేక నాలుక పిడచకట్టుకుపోతుంటే దిగులుగా ఉండక గంతులేస్తాడా?"

"దిగులుండేది" అన్నాడు జంబులింగం, అందరికీ వినపడేట్టు.

"తిండి సరిగ్గా తినేవాడా?"

"గడ్డేదీ తినడానికి?"

"తిండి మీద ఇష్టం పోయింది."

"ఆ రోజు ఒంటరిగా ఎందుకు వెళ్లాడు?"

"కాలు బెణికి నేను సరిగ్గా నడవలేకపోతుంటే, నీళ్ల దగ్గర ఎవరూ లేరేమో చూసొస్తానని వెళ్లాడు. అధ్యక్షులవారు మాటిచ్చారు కదమ్మా, భయమెందుకన్నాడు."

"ఒంటరితనం కోరుకునేవాడు" అన్నాడు జంబులింగం.

నాగులమ్మ ఇక పట్టలేకపోయింది. "వాడి మెడ ఎముక మీద కోరల గాట్లున్నాయి. తన మెడను తనే కొరుక్కున్నాడా?"

దానికి జవాబు తీర్పులో వచ్చింది. గూబానందం గంభీరంగా చదివాడు. "జంతువులకు చావంటే తెలుసు. తెలిసినవాళ్లు దాన్ని కోరుకోనూ గలరు. ఆనాడు అధ్యక్షులవారు మడుగు ఒడ్డున నిలబడి ప్రజాసమస్యల గురించి ఆలోచిస్తూ ఆవులించారు. చుక్కన్న అనే దుప్పి పరుగున వచ్చి ఆ నోట్లో తల దూర్చాడు. ప్రజల మనోభావాలను గౌరవించే అలవాటు ఉండటం చేత అధ్యక్షులవారు నోరు మూశారు."

"అరిచాడు కదా! మా చెట్టు దాకా వినపడింది!" అంది కొండమ్మ.

"అది పట్టుదలతో పెట్టిన కేక" అన్నాడు గూబానందం.

ఆ వెంటనే చట్టం కూడా వచ్చింది. ఎవరైనా ఇష్టపడి చావబోతుంటే అడ్డుపడటం, కేకలేయడం, హెచ్చరించడం నేరం. ఒకరి నిర్ణయాన్ని పాడుచేసినవాళ్లకు అడవి బహిష్కారం. ఎవరి చావు వాళ్లది.

ఇది చూడటానికి ఎంతో మర్యాదగా కనిపించే చట్టం. కానీ ఆ అడవిలో పులి కదిలితే చెట్టు మీద నుంచి కొండముచ్చులు కేకేసేవి, ఆ కేక విని దుప్పులు పారిపోయేవి. తరతరాలుగా అందరి ప్రాణాలూ ఆ కేక మీదే నిలిచాయి. ఇప్పుడు ఆ నోళ్లు మూతపడ్డాయి. మడుగు దగ్గర స్వచ్ఛంద మరణాలు మెండుగా పెరిగాయి. అడవిలో ఇంతమందికి ఇంత విరక్తి ఉందని తనకు ఇన్నాళ్లూ తెలియనే లేదని గాండ్రయ్య బాధపడ్డాడు. బాధతో లావెక్కాడు.

నాగులమ్మ మాత్రం చిక్కిపోయింది. మేత మానేసింది. మంద నుంచి విడిగా తిరిగింది. ఒక సాయంత్రం గాండ్రయ్య గుహ వైపు తిన్నగా నడవసాగింది. చెవులు నిక్కపొడవలేదు, తోక ఎత్తలేదు. చెట్ల మీద నుంచి చూసిన కొండమ్మకు ఆ నడక ఎటు పోతోందో అర్థమైంది. కేకేస్తే అందరికీ తెలిసిపోతుంది. అందుకని చెట్టు దిగొచ్చి దారికి అడ్డంగా కూర్చుంది.

"ఎక్కడికి వదినా?"

"నాకేం మిగిలిందని ఉండటం?"

"సరే, వెళ్లు. రేపు ఆ జంబులింగం ఏమంటాడో తెలుసా? చూశారా, మేం ముందే చెప్పలేదా, ఆ వంశమే అంత అంటాడు. నీ కొడుకు మీద వాళ్లు అల్లిన అబద్ధాన్ని నువ్వెళ్లి నిజం చేస్తావా?"

నాగులమ్మ అడుగు ఆగింది.

"నా చంక ఇప్పుడు ఖాళీ వదినా. నిన్ననే దించాను" అంది కొండమ్మ. "దించాక చాలాసేపు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నువ్వు ఇక్కడ కాసేపు కూర్చుంటే నాకు బాగుంటుంది."

నాగులమ్మ కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. దుప్పి ఏడుపు పెద్దగా వినపడదు. అయినా కొండమ్మ విన్నది. చాలాసేపయ్యాక ఆమె చెట్టెక్కి చిటారు కొమ్మనున్న లేతాకులు తుంచి కిందికి వేసింది. నాగులమ్మ ముందు వాసన చూసింది. తర్వాత ఒకటి నమిలింది.

ఎండలు ఇంకా ముదిరాయి. మడుగులో నీళ్లు నడిమధ్యకు కుంచించుకుపోయాయి. ఒడ్డు పక్కన పైకి గట్టి నేలలా కనిపించే ఊబి తేలింది. ప్రతి ఏడూ ఊబి తేలగానే కొండముచ్చులు పైనుంచి చూసి, అటు పోవద్దని అరిచేవి. ఈ ఏడు ఎవరూ అరవలేదు. నీళ్లకొచ్చేవాళ్లు ఒకరి అడుగులో ఒకరు అడుగేసుకుంటూ జాగ్రత్తగా వచ్చి వెళ్తున్నారు.

గాండ్రయ్యకు అంత జాగ్రత్త ఎందుకు? ఇప్పుడు నక్కి నక్కి రావడం కూడా మానేశాడు. ఒక మధ్యాహ్నం నీళ్లు తాగుతున్న కణుజు జింక ఒకటి కనపడగానే, అందరూ చూస్తుండగానే దర్జాగా దూకాడు. కణుజు పక్కకు తప్పుకుంది. గాండ్రయ్య వెళ్లి ఊబిలో పడ్డాడు.

అతను దూకబోతున్న చోటు చెట్టు మీదున్న కొండమ్మకు ముందే కనపడింది. పాపం అలవాటు కొద్దీ నోరు తెరిచింది కూడా. చట్టం గుర్తొచ్చి మూసుకుంది.

"రక్షించండి! ఎవరైనా రండి!" అని గాండ్రయ్య గర్జించాడు. గింజుకున్నకొద్దీ దిగబడుతున్నాడు. పొట్ట దాకా మునిగాడు.

అడవంతా ఒడ్డుకు చేరింది. జంబులింగం పరిగెత్తుకొచ్చాడు. గూబానందాన్ని తొర్రలోంచి లేపుకొచ్చారు.

"ఐరావతమ్మా, తొండం అందించు!" అన్నాడు గాండ్రయ్య.

ఐరావతమ్మ ఇబ్బందిగా చెవులాడించింది. "అందిస్తాను బాబూ. కానీ నీ అంతట నువ్వే నీ కాళ్లతో దిగావు. ఇష్టపడి చావబోయేవాళ్లకు అడ్డుపడితే బహిష్కారమన్నారు. ఈ వయసులో నేనెక్కడికి పోను?"

"నేను ఇష్టపడలేదు! నాకు చావాలని లేదు!"

"అంత గట్టిగా అరుస్తున్నాడంటే..." అని ఐరావతమ్మ గూబానందం వైపు చూసింది.

"పట్టుదలతో పెట్టిన కేక" అన్నాడు గూబానందం, అలవాటుగా.

"ఓరి గూబా! నాకు చావంటే ఏమిటో కూడా తెలియదురా!"

గూబానందం ఒక కన్ను తెరిచి పరీక్షగా చూశాడు. "ఇప్పుడిప్పుడే అర్థమవుతున్నట్టు కనిపిస్తోంది."

ఊబి భుజాల దాకా వచ్చింది. అప్పుడు మందలోంచి నాగులమ్మ ముందుకొచ్చి, ఒడ్డు అంచున నిలబడింది.

"ఒక్క మాట చెప్పు. నా కొడుకు తనే వచ్చి నీ నోట్లో తల పెట్టాడా?"

గాండ్రయ్య జంబులింగం వైపు చూశాడు. జంబులింగం ఆకాశం వైపు చూశాడు.

"లేదు!" అని అరిచాడు గాండ్రయ్య. "నీళ్లు తాగుతుంటే వెనకనుంచి పట్టుకున్నాను. వాడు అమ్మా అని అరిచాడు. కథంతా ఈ నక్క అల్లింది. ఆ గుడ్లగూబ తొర్ర కోసం ఒప్పుకుంది. చాలా? లాగండి!"

మంద అంతా నాగులమ్మ ఏమంటుందోనని చూస్తోంది.

"లాగు పెద్దమ్మా" అంది ఐరావతమ్మతో. "నాకు కావాల్సింది విన్నాను. మునిగేవాణ్ని చూస్తూ నిలబడటం వీళ్ల చట్టం. మనకెందుకది?"

ఐరావతమ్మ తొండం చాచింది. అప్పుడు జంబులింగానికి ఒక సంగతి తట్టింది. గాండ్రయ్య బయటికొస్తే, ఇప్పుడన్న మాటలే రేపు సభలో సాక్ష్యంగా నిలుస్తాయి.

"ఆగండి!" అన్నాడు. "చట్టం దాటాలంటే అధ్యక్షులవారి ఉత్తర్వు ఉండాలి!"

"ఇస్తున్నాను! లాగమని ఉత్తర్వు ఇస్తున్నాను!" అన్నాడు గాండ్రయ్య.

"నోటిమాట చెల్లదు దొరా, ఆ నియమం మీరు పెట్టిందే. ఆకు మీద పంజా ముద్ర పడాలి." జంబులింగం ఎంతో వినయంగా ఒక మోదుగాకు కోసి అంచున పట్టుకున్నాడు. "ఇదిగో, ఒక్కసారి పంజా పైకి తీయండి."

పంజాలు నాలుగూ ఊబిలో ఉన్నాయి.

ఐరావతమ్మ తొండం గాల్లోనే ఆగిపోయింది. జన్మంతా ఉత్తర్వు చూసి కదిలిన తొండం అది. నాగులమ్మ దాన్ని తలతో ముందుకు తోసింది. "పెద్దమ్మా, లాగు!" అని అరిచింది. ఐరావతమ్మ ఆకు వైపు చూసింది, గాండ్రయ్య వైపు చూసింది, మళ్లీ ఆకు వైపు చూసింది. చివరికి ధైర్యం చేసి తొండం చాచేసరికి అక్కడ మీసాలూ రెండు బుడగలూ తప్ప ఏమీ లేవు. తర్వాత బుడగలు కూడా లేవు.

ఐరావతమ్మ కూలబడిపోయింది. ఎవరూ సంబరపడలేదు. చావంటే తెలిసినవాళ్లు కదా.

జంబులింగం ఒక్కడే తేరుకున్నాడు. గొంతు సవరించుకుని, "మన ప్రియతమ అధ్యక్షులు ప్రజల బాధలు చూడలేక స్వచ్ఛందంగా తనువు చాలించారు" అని మొదలుపెట్టి, ముగ్గురి కోసం ఏడ్చినట్టే నాలుగోసారీ ఏడ్చాడు. "వారి జ్ఞాపకార్థం ఆ చట్టాన్ని అలాగే ఉంచుదాం. కొత్తవారు వచ్చేదాకా ఆ భారం నేను మోస్తాను. ఇప్పుడందరూ కాసేపు మౌనం పాటించండి."

అప్పుడు చెట్టు మీద కొండమ్మ నోరు తెరిచి, చెట్లన్నీ దద్దరిల్లేలా కేకేసింది. ఆ కేకను కొండముచ్చులన్నీ అందుకున్నాయి. నాగులమ్మ కాలితో నేల తన్ని తనూ అరిచింది. మందంతా అరిచింది.

జంబులింగం అదిరిపడి వెనక్కి తిరిగి చూశాడు. "ఎందుకీ కేకలు? పులి పోయింది కదా!"

"పోయింది. నువ్వున్నావుగా" అంది నాగులమ్మ.

నీతి: ఎవరి చావు వాళ్లే చచ్చారని రుజువు చేయడం చాలా తేలిక, కాకపోతే ఆ పని చేసేటప్పుడు మన కాళ్లు గట్టి నేల మీద ఉండాలి.