మూడో పిలుపు

ఆ పొద్దున పోలేరయ్య చేయవలసిన పని ఒక్కటే. చచ్చిపోవడం. అదీ సైరన్ మోగినప్పటి నుంచి స్ట్రెచర్ వచ్చేదాకానే. ఇంత సుళువైన పని తనకు ఇంతవరకూ ఎవరూ అప్పజెప్పలేదని అతను లోలోపల మురిసిపోయాడు.

అప్పజెప్పింది అబిగయీలు. తోటపల్లి గూడూరు అవతల, కాలవకూ సముద్రానికీ నడుమ ఇసుక మేట మీద ఉన్న కుప్పదిబ్బ అనే ఊళ్లో ‘అలల ఆసరా’ అనే స్వచ్ఛంద సంస్థను నడిపే మనిషి ఆమె. నడపడమంటే తుపాను షెల్టరు తాళంచెవి, ఒక సైరను, ఒక కుర్చీ, ఆమె. ఈ సంస్థకు వెన్నుదన్ను హిందూ మహాసముద్రంలో ఎక్కడో ఉన్న ఒక ద్వీపదేశం. ఆ దీవిలో కొబ్బరిచెట్ల కన్నా స్వచ్ఛంద సంస్థలే ఎక్కువట. మేలు చేయించుకునే జనం అక్కడ చాలక, సంస్థలన్నీ సమాఖ్యగా ఏర్పడి సముద్రం దాటి మన ఒడ్డుకు వచ్చాయి.

ఆ సమాఖ్య తరఫున అప్పన్న గారనే పెద్దమనిషి ఇవాళ వస్తున్నాడు. ఆయన ముత్తాత ఈ తీరం నుంచే ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి పోయినవాడు. సమాఖ్య దగ్గర ఇంజను బిగించిన పడవ ఒకటి ఉంది. రోగుల్నీ గర్భిణుల్నీ కాలవ దాటించే పడవ. దాన్ని కుప్పదిబ్బకు ఇవ్వాలా, బోగోలు వైపు ఇంకో ఊరికి ఇవ్వాలా అన్నది ఇవాళ్టి తుపాను డ్రిల్లు చూసి ఆయన తేలుస్తాడు. ఆ డ్రిల్లులో కొట్టుకొచ్చిన శవం పాత్ర పోలేరయ్యది.

"ఊళ్లో ఎవురికీ చెప్పబాకన్నా, కామాక్షక్కకు కూడా. ముందే తెలిస్తే జనం నవ్వతా వస్తారు. ఆయనకు నిజంగా ఉండాలంట," అంది అబిగయీలు.

"పడవ మనకొస్తాదా తల్లీ?"

"నువ్వు బాగా చస్తే వస్తాది."

ఆ పడవ పోలేరయ్యకు ఎంత అవసరమో అబిగయీలుకు తెలుసు. పోయిన వానల్లో కామాక్షికి నొప్పులు వచ్చినప్పుడు కాలవ పొంగింది. నాటు పడవ అవతలి ఒడ్డున ఉండిపోయింది. అది ఇవతలికి వచ్చేసరికి బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ కామాక్షికి నెలలు నిండుతున్నాయి, మళ్లీ వానలు రాబోతున్నాయి.

అందుకని పోలేరయ్య తెల్లవారకముందే రెండు అబద్ధాలు ఆడాడు. పెళ్లాంతో వేటకు పోతున్నానన్నాడు. వేట జోడు మునెయ్యతో కడుపునొప్పి, ఇవాళ పడవెక్కనన్నాడు. సరుగుడు తోపు చివర ఇసుకలో కూర్చుని, అబిగయీలు ఇచ్చిన పసుపూ సున్నమూ కలిపి నుదుటి మీద ఎర్రటి గాయం పెట్టుకున్నాడు. మొహం తెల్లబడాలని బూడిద పూసుకున్నాడు. మనిషి పని పట్ల శ్రద్ధ గలవాడు, నోటి పక్కన కాస్త నాచు కూడా అతికించుకున్నాడు. తర్వాత తెల్ల దుప్పటి నిండా కప్పుకుని, కాసేపు సాధన చేద్దామని కళ్లు మూసుకున్నాడు. చల్లగాలి, అలల హోరు. సాధన కాస్తా గురకలేని గాఢనిద్ర అయింది.

కథ నిజంగా అక్కడే చెడింది. అప్పన్న గారిని తీసుకురావడానికి అబిగయీలూ ఊరి పెద్ద హజరత్తయ్యా నెల్లూరు పోయారు. పోలేరయ్య కాక డ్రిల్లు సంగతి తెలిసింది వాళ్లిద్దరికే. తిరిగి వచ్చే దారిలో వాళ్ల కారు ముత్తుకూరు దగ్గర బొగ్గు లారీల వెనక ఇరుక్కుపోయింది. ఇక్కడ చేపల గంప నెత్తిన పెట్టుకుని తోపు దారిన పోతున్న గంగాభవానికి దుప్పటి కింద నుంచి రెండు పాదాలు కనిపించాయి.

కుప్పదిబ్బలో ఒక కట్టడి ఉంది. సముద్రం మనిషిని తిరిగి ఇచ్చినప్పుడు ఊరి పెద్ద వచ్చి పసుపునీళ్లు చల్లేదాకా ఎవరూ గుడ్డ ఎత్తి మొహం చూడరాదు. పొయ్యి వెలిగించరాదు, పడవ దించరాదు, గొంతెత్తి మాట్లాడరాదు. అన్నిటికన్నా ముఖ్యం, పోయినవాడు వచ్చి పేరు పెట్టి పిలిస్తే పలకరాదు. మూడుసార్లు పిలిచి పోతాడు. పలికినవాళ్లను వెంట తీసుకుపోతాడు.

గంగాభవాని గుడ్డ ఎత్తలేదు. గంప అక్కడే వదిలేసి, దగ్గరి దొడ్లోంచి నిమ్మకాయలూ వేపమండలూ తెచ్చి చుట్టూ పెట్టి, నోట్లో కొంగు కుక్కుకుని ఊళ్లోకి పరుగెత్తింది. ఊరు ఊరంతా మగవాళ్లను లెక్క చూసుకుంది. అప్పుడే వేట నుంచి ఒడ్డుకు చేరిన మునెయ్యను కామాక్షి అడిగింది.

"మా ఆయన యాడ అన్నా?"

మునెయ్య మొహం పాలిపోయింది. "వాడు మా పడవెక్కలేదు గదమ్మే."

దుప్పటి కింద ఉన్నది పోలేరయ్యేనని ఊరు తేల్చుకుంది.

ఎండ కాళ్లకు తగిలి పోలేరయ్యకు మెలకువ వచ్చింది. లేచి చూస్తే చుట్టూ నిమ్మకాయలు, వేపమండలు, ఒక చేపల గంప. సైరన్ మోగి డ్రిల్లు అయిపోయిందేమో, నన్ను మర్చిపోయినారేమో అని కంగారు పడ్డాడు. దుప్పటి భుజాన వేసుకుని ఊళ్లోకి నడిచాడు.

ఊరు ఉంది, చప్పుడు లేదు. పొయ్యిల్లో నీళ్లు పోసి ఆర్పారు. సగం ఉడికిన అన్నం గిన్నెల్లో అలాగే ఉంది. పడవలన్నీ ఇసుక మీద బోర్లా పడుకున్నాయి. ఎప్పుడూ పొద్దున్నే అరిచే రేడియో అరవడం లేదు. వలలు ఆరేసిన గుంజల మధ్య గాలి ఒక్కటే తిరుగుతోంది. ఒక కుక్క ఎదురొచ్చి, అతన్ని చూసి, మొరగకుండా వెనక్కి నడుచుకుంటూ పోయింది. కుక్క వెనక్కి నడవడం పోలేరయ్య ఎన్నడూ చూడలేదు.

మునెయ్య తన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ఒరే మునెయ్యా, ఏందిరా ఇది?"

మునెయ్య అతన్ని దాటి సముద్రం వైపు చూశాడు. కళ్లు అతని మీదుగా గాజులోంచి పోయినట్టు పోయాయి. తర్వాత మెల్లగా లేచి లోపలికి పోయి తలుపు మూసుకున్నాడు. పక్క ఇంటి తలుపు మూసుకుంది. ఆ పక్కది కూడా. వీధి పొడవునా అతని కన్నా ఒక ఇల్లు ముందుగా తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటూ పోయాయి.

"నేనబ్బా, పోలేరయ్యను!" అని అరిచాడు. వాళ్ల భయం కూడా సరిగ్గా అదే.

పోలేరయ్యకు కట్టడి గుర్తుకొచ్చింది. నిద్రలోనే పోయానా ఏంది? దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయంటారు. వంగి చూసుకున్నాడు, ముందుకే ఉన్నాయి. కొత్త దయ్యం గదా, తిరగడానికి కాస్త టైము పడుతుందేమో అనుకున్నాడు. నీడ ఉంది. ఆకలి కూడా దంచేస్తోంది. కాస్త ధైర్యం వచ్చి, మంగలి కొట్టు అరుగు మీద వేలాడే అద్దంలోకి తొంగి చూశాడు. బూడిద మొహం, పగిలిన నుదురు, నోట్లోంచి నాచు.

పోలేరయ్య కెవ్వుమని అరిచి తన నుంచి తానే పారిపోయాడు.

పారిపోయి ఇంకెక్కడికి పోతాడు, ఇంటికే పోయాడు. గుమ్మం ముందు కామాక్షి కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్లు. ఆమె ఏడవడం లేదు. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని నేల చూస్తోంది. అతన్ని చూసి ఆడవాళ్లు గోడకు అతుక్కుపోయారు. గంగాభవాని కామాక్షి చెవుల మీద తన చేతులు అడ్డం పెట్టింది.

"కామాక్షీ," అన్నాడు పోలేరయ్య.

కామాక్షి భుజాలు అదిరాయి. తల ఎత్తలేదు.

"కామాక్షీ, నాకు భయంగా ఉండాది మే."

గంగాభవాని పళ్ల బిగువున గుసగుసలాడింది. "పలకబాక తల్లీ. నీ కడుపులో బిడ్డ ఉండాడు. ఇంకొక్కసారి పిలిచి పోతాడు."

పోలేరయ్యకు ఏడుపు వచ్చింది. ఆమె పలికితే తాను బతికున్నట్టు, పలక్కపోతే లేనట్టు. కానీ తాను నిజంగానే పోయి ఉంటే, ఆమె పలికితే ఎలా? పిలవకూడదనే అనుకుని వెనక్కి తిరిగాడు. రెండడుగులు వేశాక నోరు తన మాట వినలేదు.

"కామాక్షీ..."

గంగాభవాని చేతులు ఇంకా గట్టిగా నొక్కింది.

కామాక్షి గంగాభవాని చేతులు తోసేసింది. తలెత్తి అతని మొహంలోకి సూటిగా చూసింది.

"ఏందయ్యా," అంది. "వస్తాండా, ఉండు."

లేచి, ఒక చేత్తో కడుపు పట్టుకుని, నడిచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది. నాడి కొట్టుకుంటోంది. ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెంప మీద ఒకటి ఇచ్చింది, బూడిద ఎగిరేలా.

సరిగ్గా అప్పుడు సైరన్ మోగింది.

కాలవ దాటి వచ్చిన అబిగయీలు షెల్టరు మీదికెక్కి అనుకున్న ప్రకారమే మోగించింది. కుప్పదిబ్బకు మాత్రం అది కామాక్షిని పోయినవాడు పట్టుకున్న క్షణాన ఆకాశంలోంచి లేచిన కేకలా వినిపించింది. తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. పిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్లను వీపున మోసుకుని, మేకల్ని లాక్కుని, నోట మాట లేకుండా ఊరు ఊరంతా షెల్టరులోకి పరుగెత్తింది. పాత డ్రిల్లుల్లో బతిమాలినా గడప దాటని జనం వీళ్లేనని అబిగయీలు నమ్మలేకపోయింది.

వీధిలో ఇద్దరే మిగిలారు. మూల మలుపు తిరిగి అప్పన్న గారు వస్తున్నాడు, పక్కన హజరత్తయ్య. పోలేరయ్యకు తన ఉద్యోగం గుర్తుకొచ్చింది. పడవ గుర్తుకొచ్చింది. మరుక్షణం కళ్లు తేలేసి పెళ్లాం కాళ్ల దగ్గర దబ్బున పడిపోయాడు.

అప్పుడే దక్కిన మొగుడు అప్పుడే కూలిపోతే కామాక్షి పెట్టిన కేకకు అప్పన్న గారి చేతిలో కెమెరా జారి ఇసుకలో పడింది. ఆమె అతని మీద పడింది. పోలేరయ్య పెదవులు కదపకుండా ఆమె చెవిలో అన్నాడు.

"డ్రిల్లు మే. పడవ కోసరం. ఏడువు."

కామాక్షి ఏడ్చింది. పోయినసారి బిడ్డను సరుగుడు తోపులో పూడ్చినప్పుడు బాలింతవు, ఏడవకూడదని ఊరు నోరు నొక్కింది. ఆ ఏడుపంతా ఇప్పుడు వచ్చింది. పోలేరయ్యకు కూడా శవమై ఉండీ కళ్ల వెంట నీళ్లు కారాయి. దానికి అతన్ని ఎవరూ తప్పు పట్టలేదు, చూసేవాళ్ల కళ్లు కూడా అలాగే ఉన్నాయి గనక.

"వీళ్లిద్దరూ షెల్టరుకు పోలేదే?" అని అప్పన్న గారు అడిగాడు.

షెల్టరు దిగి వచ్చిన అబిగయీలు మనసులో ప్రభువును తలుచుకుంది. "పడవ లేక దాటలేకపోయినోళ్లు సార్," అంది. ఆ మాటలో అబద్ధం ఎంతో ఆమెకే తెలియదు.

అప్పన్న గారు ఆర్పిన పొయ్యిలు చూశాడు, బోర్లించిన పడవలు చూశాడు, తోపు చివర నిమ్మకాయలు చూశాడు. తమ దీవిలో ఇన్ని సంస్థలుండీ ఇంత క్రమశిక్షణ ఎక్కడా లేదన్నాడు. వానలు పడకముందే పడవ వచ్చింది. కామాక్షి దాంట్లోనే కాలవ దాటి, ఆసుపత్రిలో ఆడపిల్లను కని, దాంట్లోనే తిరిగి వచ్చింది. ఆ ద్వీపదేశంలోని సంస్థలన్నీ ఇప్పుడు తుపాను డ్రిల్లుకు ముందు పొయ్యిలార్పి, తలుపులు మూసి, నిమ్మకాయలు పెడుతున్నాయట. ఎందుకో మాత్రం అక్కడ ఎవరికీ తెలియదట.

పడవ నడిపే పని పోలేరయ్యకే ఇచ్చారు. రేవులో నిలబడి ఎంత పిలిచినా మూడోసారి దాటితే గానీ ఊళ్లో ఎవరూ పలకరు. కామాక్షి ఒక్కతే మొదటి పిలుపుకే పలుకుతుంది, అదీ తిట్టడానికి.