విర్రబీన్ గ్రంథాలయంలో కనబడకుండా పోయిన ఫైలు

విర్రబీన్ షైర్ కౌన్సిల్, అంటే ఆ ప్రాంతపు పాలకమండలి, నడిపే గ్రంథాలయంలో కనబడకుండా పోయిన ఫైలు కోసం గాలింపు నాలుగో రోజుకు చేరింది. పట్టణ ప్రజలు ధైర్యంగా ఉండాలని, తమ షెడ్లూ కోళ్లగూళ్లూ మరోసారి చూసుకోవాలని మేయర్ క్లెమ్ హాస్కెట్ కోరారు.

ఫైలు పేరు హెల్పర్‌మేట్. చివరిసారిగా కనిపించింది గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌లో. అక్కడ అది ఆరు వారాలు ఉంది. పావ్లోవా అనే మిఠాయి చెయ్యడం ఉచితంగా నేర్పుతామంటూ వచ్చిన ఒక ఈమెయిల్‌ను ఎవరో నొక్కితే లోపలికి వచ్చింది. వచ్చిన రోజు నుంచి తెర మీద వాననీటి గొట్టాల ప్రకటనలు చూపించింది. విర్రబీన్‌లో వాన పడి పద్నాలుగు నెలలైంది. తర్వాత సభ్యుల చిరునామాలు తీసుకుని, గ్రంథాలయాధికారి నోరీన్ టక్‌వెల్ పేరుతో అందరికీ ప్రేమలేఖలు పంపింది. వాటిలో రెండింటికి జవాబులు వచ్చాయి.

చుట్టుపక్కల మూడు పట్టణాల కంప్యూటర్లు బాగుచేసే ఈవో పెరిసిచ్ అనే అతను వచ్చి ఇరవై నిమిషాల్లో దాన్ని తీసేశాడు. టీ తాగి, చేపలు పట్టుకోవడానికి ఉత్తరాదికి వెళ్లిపోయాడు.

మర్నాడు నోరీన్ కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మధ్యలో చిన్న పెట్టె వచ్చింది. ‘హెల్పర్‌మేట్ మొదలుకాలేదు. ఫైలు కనబడలేదు.’ కింద ‘సరే’ అన్న మీట. నోరీన్ నొక్కింది. పెట్టె పోయింది. కంప్యూటర్ మామూలుగా పనిచేసింది. అయినా ఆమె ఈవోకు ఫోన్ చేసింది.

“అదేం లేదు నోరీన్,” అన్నాడు ఈవో. వెనక పడవ ఇంజను మోగుతోంది. “ఆ దొంగవెధవ లోపల దూరినప్పుడు ‘నన్ను రోజూ పొద్దున్నే లేపండి’ అని జాబితాలో పేరు రాసుకున్నాడు. వాణ్ణి గెంటేశాంగానీ పేరు కొట్టెయ్యడం మర్చిపోయా. మెషీను పాపం రోజూ వెళ్లి ఖాళీ గది తలుపు కొడుతోంది. స్టార్టప్ జాబితా తెరిచి, వాడి పేరు పక్కనున్న టిక్కు తీసెయ్.”

“అంతేనా?”

“అంతే. ఊపులో పక్కవాళ్ల టిక్కులు తియ్యకు.”

నోరీన్ జాబితా తెరిచింది. అదే సమయానికి కౌన్సిల్ భద్రతాధికారి ట్రెవర్ పెల్ నెలవారీ తనిఖీకి లోపలికి వచ్చాడు.

మా దగ్గర పాడైన యంత్రం కనిపిస్తే దానికి పసుపు చీటీ కడతారు. నిచ్చెనైనా అంతే, ట్రాక్టరైనా అంతే, టీ కెటిలైనా అంతే. చీటీ ఉన్న యంత్రాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కట్టినవాడే విప్పాలి, అదీ చీటీ మీద రాసిన లోపం తీరాకే. ఈ నియమం వల్ల షైర్‌లో ఎందరికో వేళ్లు దక్కాయి. ట్రెవర్‌కు ఉద్యోగం దక్కింది. అతను కంప్యూటర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి, పెట్టెలో ఉన్నది చదివాడు. ‘లోపం: ఫైలు కనబడలేదు’ అని రాసి చీటీని మౌస్‌కు కట్టాడు.

“ట్రెవర్ నాయనా, ఒక్క టిక్కు తీసేస్తే పోతుంది.”

“చీటీ కట్టాక ముట్టుకోకూడదు నోరీన్. నీకు తెలియంది కాదు.”

“కట్టేముందు నన్నొక్క మాట అడిగితే నీ నోట్లో పళ్లు రాలిపోయేవా?”

“ఫైలు దొరగ్గానే విప్పేస్తాగా.”

“అది దొంగఫైలయ్యా! మనమే పీకి పారేశాం.”

ట్రెవర్ ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. “‘దొరికింది’ అని ఒక గడి ఉంది. ‘దొరకలేదు’ అని ఒకటి ఉంది. ‘పీడ విరగడైంది’ అని గడి లేదు.”

ఇక్కడ రెండు నిబంధనలు చెప్పాలి. కంప్యూటర్‌లో నమోదు కాకుండా పుస్తకం ఇవ్వకూడదు. వరుసగా ఇరవై ఎనిమిది రోజులు నడవని సేవను కౌన్సిల్ రద్దు చేయవచ్చు. హైవే పక్కన, పర్యాటకుల కోసం, గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెరను పన్నెండు మీటర్ల కాంక్రీటు బొమ్మగా కట్టాలని కౌన్సిల్ ఇదివరకే తీర్మానించింది. దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్లకు టిక్కెట్లు అమ్మడానికి ఒక గది కావాలి. నోరీన్ ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న గది సరిగ్గా సరిపోతుందని కొలతలు కూడా తీశారు. నోరీన్ గోడ మీద క్యాలెండర్ తీసి రోజులు లెక్కపెట్టుకుంది.

కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమైంది.

“విర్రబీన్ తన వాళ్లను వదులుకోదు,” అన్నారు మేయర్. “హెల్పర్‌మేట్ మనతో ఆరు వారాలు ఉన్నాడు. ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఒక్కసారి జీతం పెంచమనలేదు. గడప గడపకూ ఉత్తరం రాశాడు. మనలో ఎంతమందిమి ఆ పని చేశాం? ఎక్కడున్నా అతను క్షేమంగా ఉండాలి.”

సభ్యులు లేచి ఒక నిమిషం మౌనం పాటించారు. నోరీన్ ఏదో చెప్పబోతూ చెయ్యెత్తింది. మౌనం జరుగుతున్నందువల్ల ఆమెకు అవకాశం ఇవ్వడం కుదరలేదు.

శనివారం నారింజరంగు దుస్తుల్లో ముప్పై నాలుగు మంది వాలంటీర్లు వచ్చారు. చెయ్యి చాపినంత దూరంలో వరుసగా నిలబడి నవలల అర నుంచి తోటపని అర దాకా అడుగు అడుగు నడిచారు. ఆ దూరం పదకొండు మీటర్లు. ఒక పళ్లసెట్టు, ప్రాణాలతో ఒక బల్లి, గుర్రాల జబ్బుల మీద 1987లో పోయిన పుస్తకం దొరికాయి. సంబంధం లేనివని పక్కన పెట్టారు. పోలీసు కుక్క మౌస్‌ను వాసన చూసి నేరుగా బయట సాసేజీలు కాలుస్తున్న చోటికి వెళ్లింది. ఆ దిశలో గాలింపు రెండు గంటలు సాగింది. సరస్సులో కూడా వెతికారు. నీళ్లు లేనందువల్ల పని తేలికైంది.

ఈలోగా గ్రంథాలయం మూతపడిందని పదకొండు మంది గమనించారు. వాళ్లలో నలుగురు మరుగుదొడ్డి కోసం వచ్చినవాళ్లు. మిగతా ఏడుగురూ, మొహమాటానికి ఆ నలుగురూ, ‘గ్రంథాలయాన్ని ఉంచండి’ అన్న కాగితం మీద సంతకాలు పెట్టారు.

ఇరవై ఆరో రోజున నోరీన్ ట్రెవర్ ఆఫీసుకు వెళ్లింది.

“హెల్పర్‌మేట్ అని పేరు పెట్టి ఒక ఖాళీ ఫైలు చేసిస్తా. దొరికిందని రాసుకో.”

“అది దొంగ గుర్తింపు నోరీన్. బ్యాంకులో ఖాతా తెరవాలన్నా ఒక్కో కాగితానికి ఇన్నని పాయింట్లు వేసి, మొత్తం వంద పాయింట్ల రుజువులు అడుగుతారు. ఖాళీ ఫైలుకు ఏం రుజువుంది?”

“అసలువాణ్ణే తీసుకొస్తే?”

“వెంటనే విప్పుతా.”

నోరీన్ కుర్చీ దగ్గరకు లాక్కుంది. “ఆ పావ్లోవా ఈమెయిల్ ఇంకా నా దగ్గర ఉంది,” అంది.

మర్నాడు మేయర్, సభ్యులు, చిన్న బ్యాండు మేళం ఎదుట, గాలింపు నిమిత్తం తాత్కాలిక అనుమతితో, చేతి తొడుగులు వేసుకుని నోరీన్ ఆ ఈమెయిల్‌ను నొక్కింది. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేశారు. పెట్టె రాలేదు. వాననీటి గొట్టాలు వచ్చాయి. నిమిషం తిరగకుండా మేయర్ ఫోన్‌కు నోరీన్ పేరుతో ప్రేమలేఖ చేరింది. గుర్తింపుకు అది చాలునని ట్రెవర్ వంద పాయింట్లూ వేసి చీటీ విప్పాడు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

ఆ వారంలోనే ‘హెల్పర్‌మేట్‌ను మళ్లీ పోనివ్వకండి’ అన్న కాగితం మీద నాలుగువందల పన్నెండు సంతకాలు పడ్డాయి. కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది. హెల్పర్‌మేట్ శాశ్వత నివాసం గ్రంథాలయమే. కాబట్టి ఆ గది ఎవరికీ ఇవ్వకూడదు. కత్తెర టిక్కెట్లు వేరేచోట అమ్ముకోవాలి.

చేపలవేట నుంచి తిరిగొచ్చిన ఈవో తెర చూసి తల పట్టుకున్నాడు.

“వీడు మళ్లీ ఎలా వచ్చాడు నోరీన్? జరుగు, ఇరవై నిమిషాల్లో తీసేస్తా. ఈసారి టిక్కుతో సహా.”

“ముట్టుకున్నావంటే వేళ్లు విరుస్తా. వాడుంటేనే ఈ గది ఉంటుంది, గదుంటేనే నేనుంటాను. కూర్చో. టీ పెడతా.”

గ్రంథాలయం ఇప్పుడు వారానికి ఆరు రోజులు తెరిచి ఉంటోంది. రోజూ నలభై మంది దాకా వచ్చి హెల్పర్‌మేట్‌తో ఫోటో దిగి వెళ్తున్నారు. కిందటి నెల ఒకాయన పుస్తకం కూడా తీసుకెళ్లాడు. సాయంత్రానికి తిరిగొచ్చి, పొరపాటైందని చెప్పి ఇచ్చేశాడు.

విర్రబీన్ జనం తెలివికి నవ్వుకునే హక్కు పాఠకులకు పూర్తిగా ఉంది. నవ్వడం అయ్యాక, తమ ఊరి గ్రంథాలయం ఏ వీధిలో ఉందో ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు.