దొరసానమ్మ మోకాలికి శంకుస్థాపన

ఆ శుక్రవారం పొద్దున్న తెరిసమ్మ తలపెట్టింది చాలా చిన్న పని. తన ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్న డోరతీని బొర్రా దాటి, ఘాటు దిగితే వచ్చే మిషన్ ఆస్పత్రికి తీసుకెళ్ళి మోకాలు చూపించాలి. సాయంత్రం కాఫీ వేళకి అరకు తిరిగొచ్చెయ్యాలి. అంతే.

డోరతీది ఇంగ్లండు. అక్కడ గ్రంథాలయంలో ఉద్యోగం చేసి రిటైరైంది. ఆ పింఛనుతో ఆ దేశంలో బతకడం కష్టమనిపించి, ఇక్కడైతే చల్లగా ఉంటుంది, వైద్యమూ అందుబాటులో ఉంటుందని 2003లో అరకు వచ్చి స్థిరపడింది. పాదిరీల కాలం నాటి పాత వాచకం ముందేసుకుని తెలుగు కూడా నేర్చుకుంది. ఆవిడ నోరు విప్పితే సంతలో కూరగాయలమ్మేవాళ్ళు ప్రార్థన మొదలైందనుకుని లేచి నిలబడేవారు.

తెరిసమ్మ రిటైరైన నర్సు. లోకంలో సగం పనులు తప్పుగా జరుగుతున్నాయనీ, తక్కిన సగం అసలు జరగడమే లేదనీ ఆవిడకి ఎప్పుడూ మంటే.

"మోకాలు సూపించుకోడానికి మీ దేశంలో ఏడాది కాసుకోవాలా? ఆళ్ళకి సిగ్గులేదా? మా కాడ పొద్దున్నెల్తే మజ్జానానికి సూసి పంపేత్తారు!" అని నెలరోజులుగా చెబుతూ వచ్చింది.

"నేడైనను నా మోకాలు బాగుపడని యెడల నేను నా దేశమునకు మరలిపోవుదును" అంది డోరతీ, జీపెక్కుతూ.

తెరిసమ్మ గుండె గతుక్కుమంది. రోజూ సాయంత్రం కాఫీ తాగుతూ లోకాన్ని దులిపేస్తుంటే ఓపిగ్గా వినే మనిషి ఈవిడొక్కర్తే.

జీపు డ్రైవరు మంగ్లు మంచివాడే. ఘాటు మలుపులో టైరు పంచరైంది. టైరు మారుస్తూ, పక్కనున్న టీకొట్టువాడు "ఎవులీ దొరసాని?" అని అడిగితే ఉన్న సంగతే చెప్పాడు.

"ఆస్పత్రి కోసరమే దేశం ఒగ్గేసి వచ్చిందట."

టీకొట్టువాడు గ్లాసు కింద పెట్టేశాడు. ఆస్పత్రి కోసం దేశమే వదిలేసిందంటే ఎంత పెద్ద ఆస్పత్రి కట్టిస్తుందో! పక్కనే ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి తన బావ ధనుంజయ్‌కి ఫోన్ కొట్టాడు. ఆ ధనుంజయ్ ఆస్పత్రి ఉన్న ఊరికి సర్పంచి.

జీపు ఆస్పత్రి గేటు చేరేసరికి డప్పులు మోగుతున్నాయి. ఆడవాళ్ళు చేతులు చేతులు పట్టుకుని థింసా ఆడుతున్నారు. ధనుంజయ్ బంతిపూల దండ తెచ్చి డోరతీ మెడలో వేశాడు. డోరతీ కళ్ళు చెమర్చాయి.

"రోగులను ఈ రీతిగా ఎదుర్కొనుట మా దేశమందు లేదు" అంది.

"ఏటిది? ఏటి సేత్తన్నారర్రా? ముందు మోకాలు సూడండి!" అని అరిచింది తెరిసమ్మ. డప్పుల మోతలో అది ఎవరికీ వినబడలేదు. ఎవరో ఆవిడ్ని పనిమనిషి అనుకుని చేతికి కొబ్బరికాయల సంచి ఇచ్చారు. తెరిసమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఓపీలో ఉండాల్సిన డాక్టరు రవిబాబు కూడా దండతో వరసలో నిలబడి ఉన్నాడు. "మేడమ్, ముందుగా మాకు ఎక్స్‌రే కావాలి" అన్నాడు వినయంగా.

"తప్పక అవసరమా?" అంది డోరతీ, మోకాలు తడుముకుంటూ.

"చాలా అవసరం మేడమ్."

"అటులైన ఆలస్యమేల? వెంటనే కానిండు!"

చప్పట్లు మారుమోగాయి. పోయిన ఎన్నికలప్పుడు మిగిలిపోయిన శంకుస్థాపన రాయిని, దాని మీది పేరుకి సున్నం కొట్టి, నలుగురు మోసుకొచ్చారు. ఈ దేశంలో వైద్యానికి ముందు ఏదో ఆచారం కాబోలనుకుని డోరతీ భక్తిగా గొంతుక్కూర్చుని రాయి మీద చెయ్యి వేసింది. మోకాలు కలుక్కుమంది.

"నేను లేవజాలను" అంది.

ధనుంజయ్ మైకు అందుకున్నాడు. "సూసినారా? మన కష్టాలు సూసి గుండె కరిగిపోయి లేవలేకపోతంది మహాతల్లి!"

తెరిసమ్మ కొబ్బరికాయల సంచి నేలకేసి కొట్టింది. ఒక్క ఊపులో వెళ్ళి మైకు లాక్కుంది.

"ఓరి మీ బుద్ధి తగలెయ్యా! ఆవిడ ఆస్పత్రి కట్టడానికి రాలేదర్రా, సూపించుకోడానికొచ్చింది! మోకాలు పట్టేసి మడిసి కిందడిపోతే సప్పట్లా? డాక్టరు దండలట్టుకుని నిలబడితే మందెవులిత్తారు? మా కాడ బేగి సూత్తారని నెల్లాళ్ళుగా గొప్పలు సెప్పుకున్నాను, నా పరువేటి కావాలి?"

డప్పులు ఆగిపోయాయి.

"మరి ఈ రాయినేటి సెయ్యాలి?" అన్నాడు ధనుంజయ్.

"నీ నెత్తినెట్టుకో!" అని అరవబోయింది తెరిసమ్మ. సగం మాట పలికేసరికి కొండలూ జనమూ గిర్రున తిరిగాయి. అక్కడే కూలబడిపోయింది.

కళ్ళు తెరిస్తే వార్డులో మంచం మీద ఉంది. "బీపీ చాలా ఎక్కువుంది, కదలకూడదు" అంటున్నాడు రవిబాబు.

"నాను పేషెంటుని కాను! నర్సుని!"

"పేషెంట్లలో నర్సులే మాట వినరు" అని రవిబాబు పక్కకి తిరిగాడు. సిగ్గుపడ్డాడో ఏమో, స్టూలు మీద కూర్చున్న డోరతీ మోకాలు శ్రద్ధగా పరీక్షించాడు. ఇంజక్షన్ ఇచ్చాడు, కట్టు కట్టాడు, కాసేపు నడిపించి చూశాడు. ఆపరేషను అక్కర్లేదు, రోజూ వ్యాయామం చేస్తే చాలన్నాడు.

సాయంత్రం డోరతీ కుంటకుండా నడిచి వెళ్ళి ఉప్పులేని గంజి పట్టుకొచ్చింది. తెరిసమ్మ గోడవైపు తిరిగి అడిగింది.

"మరి మీ దేశం ఎల్లిపోతావా, డోరతమ్మా?"

"ఎటుల వెళ్ళుదును? ఇంటియొద్ద నిన్ను కనిపెట్టుకొని యుండుటకు పెద్దదిక్కు ఒకరుండవలెనని వైద్యుడు సెలవిచ్చెను."

తెరిసమ్మ మొహం ఒక్క క్షణం విప్పారింది. ఆ తర్వాత మాట పూర్తిగా బుర్రకెక్కింది. దిగ్గున లేచి కూర్చుంది.

"పెద్దదిక్కా? నువ్వా? నాకా? నీకంటే నాను రెండేళ్ళు పెద్ద!"

నర్సు పరిగెత్తుకొచ్చి బీపీ మళ్ళీ చూడాల్సి వచ్చింది.