ప్లగ్గు పక్క మంచం

మన హెడ్ క్లర్కు గారి కుడికాలు విరిగిందని తెలియజేయడానికి చింతిస్తున్నాం. విధి నిర్వహణలో విరిగింది కాబట్టి గర్విస్తున్నాం కూడా.

వివరాల్లోకి వెళితే, ఆయన పనిచేసే నీటి సరఫరా కార్యాలయంలోకి ఆమధ్య ఒక హాజరు యాప్ వచ్చింది. ప్రతి ఉద్యోగీ దాన్ని తన సొంత ఫోన్లో పెట్టుకోవాలి. వచ్చేటప్పుడు దానికి మొహం చూపించాలి, పోయేటప్పుడు చూపించాలి. మధ్యలో మనిషి ఎక్కడున్నాడో అదే కనిపెట్టుకుని ఉంటుంది. ఆ కనిపెట్టడంలో అలసిపోయి, మధ్యాహ్నం కాకుండానే బ్యాటరీ మొత్తం తాగేస్తుంది. ఫోన్ ఆరిపోయిందా, మనిషి కుర్చీలో కూర్చుని దస్త్రం రాస్తున్నా సరే, రాలేదన్నట్టే లెక్క. ఇది ప్రగతి కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. తలో ఛార్జరు తెచ్చుకుని ఆఫీసు ప్లగ్గుల్లో గుచ్చుకున్నారు.

ఇది మాత్రం ప్రగతి కాదని హెడ్ క్లర్కు గారు కనిపెట్టారు. "కార్యాలయ విద్యుత్తును సొంత ఫోన్లకు తాగించరాదు" అని ఉత్తర్వు జారీచేసి, ప్లగ్గులన్నిటికీ స్వహస్తాలతో నల్లటేపు అంటించారు. బీరువా మీదుండే ఆఖరి ప్లగ్గుకి అంటిస్తుండగా స్టూలు కాలొకటీ, ఆయన కాలొకటీ ఒకేసారి విరిగాయి. స్టూలు మీద విచారణ జరుగుతోంది.

రోడ్డుకు అవతలే ఆస్పత్రి, యాప్ పట్టించుకోనంత దగ్గర. వార్డులో గోడవారగా ఒక మంచం ఇచ్చారు. తలవైపు గోడకు ఒక ప్లగ్గు. వార్డు మొత్తానికి పనిచేసేది అదొక్కటే.

పిండికట్టు ఆరేలోపే ఆయన భార్యతో అన్నారు, "ఎవరినీ చూడ్డానికి రావద్దని గట్టిగా చెప్పేశానే. ఊరికే హడావిడి." ఆవిడ నారింజ వొలుస్తూ సరేనంది. వస్తామని అడిగినవాళ్ళెవరూ లేరని ఆవిడకూ తెలుసు. ఆయన క్యాంటీన్‌లో అడుగుపెడితే చాలు, అందరికీ కడుపు నిండిపోయేది. అది తనంటే భయభక్తులని ఆయన ఏళ్ళ తరబడి తనకు తాను నచ్చజెప్పుకుంటూ వస్తున్నారు. పాపం, ఒక్కడంటే ఒక్కడైనా "ఎలా ఉన్నారు సార్" అంటే చాలుననిపించేది ఆయనకు.

సరిగ్గా మధ్యాహ్నానికి టైపిస్టు వచ్చింది.

"అయ్యో సార్! వినగానే కడుపు తరుక్కుపోయిందండీ!" అంటూ మంచం చుట్టూ తిరిగొచ్చి, గోడవైపు చేరగిలబడింది. ఆమె వెనకాలే పంపు ఆపరేటరు వచ్చాడు. మర్నాడు క్యాషియరు, డ్రాయింగు గదిలో వాళ్ళు. ఆ మర్నాడు వరండాలో వరస.

హెడ్ క్లర్కు గారు ఉక్కిరిబిక్కిరయ్యారు. ఇంత ప్రేమను ఈ మనుషులు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు? పైగా అందరి ప్రేమా ఒకలా లేదు. కొత్త ఫోను, వేగంగా ఎక్కించే ఛార్జరు ఉన్నవాళ్ళు గబగబా పరామర్శించి వెళ్ళిపోయేవారు. బ్యాటరీ ఉబ్బిన పాత ఫోనుదారులు మాత్రం కదిలేవారు కాదు. నర్సు గదమాయించినా, "ఇంకాసేపమ్మా, సార్‌ని ఇలా వదిలి ఎలా పోతాం" అనేవారు. పిన్ను వదులైన క్యాషియరైతే వైరును ఒక వాలులో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, సాయంత్రందాకా అలాగే నిలబడేవాడు. అంతటి ఏకాగ్రతను హెడ్ క్లర్కు గారు గుళ్ళో కూడా చూడలేదు. అందరూ పళ్ళు తెస్తే పంపు ఆపరేటరు ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చిచ్చాడు. "నలుగురికీ ఉపయోగపడుతుంది సార్" అన్నాడు. ఆ సేవాభావానికి ఆయన కళ్ళు చెమర్చాయి.

ఒకరోజు దిండుకి ఆనుకుని కూర్చుని, గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! నా కాలు విరిగింది గానీ మన అనుబంధం విరగలేదు. క్రమశిక్షణ కోసం ఈ కాలే కాదు, రెండో కాలు కూడా విరగ్గొట్టుకోవడానికి నేను సిద్ధం!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చేతుల్లో ఫోన్లున్నాయి కాబట్టి. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. అంత వినయం చూసి ఆయన ఉద్యోగుల సంఘం అధ్యక్ష పదవికి నిలబడాలని అక్కడికక్కడే నిశ్చయించుకున్నారు. కిందటిసారి ఆయన పేరు ప్రతిపాదించే నాథుడే దొరకలేదు. ఆ అవమానం ఇంకా లోపల కలుక్కుమంటూనే ఉంది.

"ఏవండీ, వాళ్ళు మీ కాలు చూడ్డం లేదు. గోడవైపు చూస్తున్నారు" అంది భార్య.

"నా బాధ చూడలేక మొహం తిప్పుకుంటున్నారే పిచ్చిదానా!"

జనం రద్దీ చూసి డాక్టరు గారికి ఆయన మీద గౌరవం పుట్టుకొచ్చింది. "ఇంత పలుకుబడి ఉన్న మనిషిని ఈ మూల పెడతారా?" అని నర్సుల్ని కోప్పడి, అవతలి చివర కిటికీ పక్క మంచానికి మార్పించారు. గాలి, వెలుతురు, చెట్టు, దాని మీద ఉడత. ప్లగ్గు లేదు.

పాత మంచం మీదికి గోడలకు రంగులు వేసే మనిషి వచ్చాడు. చెయ్యి విరిగింది.

మధ్యాహ్నమయింది. హెడ్ క్లర్కు గారు తల దువ్వుకుని, దుప్పటి సర్దుకుని, ఉపన్యాసం మననం చేసుకుంటున్నారు. టైపిస్టు వచ్చింది. నేరుగా గోడవైపు నడిచింది.

"అయ్యో అన్నా! వినగానే కడుపు తరుక్కుపోయింది!"

ఆ రంగులాయన ఈమెను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అయినా చలించిపోయాడు. క్యాషియరు వచ్చి అతని తలవైపు వంగి ఊపిరి బిగబట్టాడు. పంపు ఆపరేటరు దూరం నుంచే హెడ్ క్లర్కు గారికి చెయ్యూపాడు. "చెప్పండి సార్, ఇక్కడికీ వినిపిస్తుంది!"

కాలు విరిగినప్పుడు రాని ఏడుపు ఆయనకు అప్పుడొచ్చింది. గోడవైపు తిరిగి పడుకుందామంటే అటు గోడ కూడా లేదు, కిటికీ. భార్య ఇంకో నారింజ వొలిచి చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ దెప్పకుండా వదిలేసింది అదే మొదటిసారి, అదింకా మంట.

ఇంతలో ఆయన ఫోను ఎర్రగా మెరిసింది. ఛార్జింగు అయిపోవచ్చింది. అనారోగ్య సెలవులో ఉన్నవారు నిజంగానే ఆస్పత్రిలో ఉన్నట్టు సాయంత్రంలోగా యాప్‌కి మొహం చూపించాలి. లేకపోతే జీతం కోత. ఆ నిబంధన రాసిన చెయ్యి కూడా ఆయనదే. కాసేపు పళ్ళు నూరుకున్నారు. తర్వాత చంకకర్ర అందుకుని, కుంటుకుంటూ వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళారు.

"అయ్యో నాయనా, చెయ్యి విరిగిందటగా! వినగానే కడుపు తరుక్కుపోయిందనుకో" అన్నారు, దిండు వెనకాల చేత్తో తడుముతూ.

"మీరెంత మంచివారండీ! ఆ కాలుతో నన్ను చూడ్డానికొచ్చారు" అన్నాడు రంగులాయన, కళ్ళు తుడుచుకుంటూ.

ఛార్జింగు ఎక్కిన చప్పుడు వినబడింది. హెడ్ క్లర్కు గారు వైరు వదలకుండానే రంగులాయన వైపు తిరిగారు. ఆ మనిషి మొహంలోని సంతోషాన్ని చూస్తుంటే ఆయన ఏడుపు నెమ్మదిగా ఇంకిపోయి, దాని స్థానంలో ఒక ఆలోచన మొలిచింది.

ఆఫీసులో మళ్ళీ చేరిన రోజున ఆయన ఉత్తర్వును రద్దుచేయలేదు, సవరించారు. గోడల మీది టేపులన్నీ యథాతథంగా ఉంటాయి. తన కుర్చీ పక్క ప్లగ్గుకి మాత్రం టేపు తీసి, పంపు ఆపరేటరు బహూకరించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించారు.

ప్రస్తుతం ఆ కార్యాలయంలో ఆయనంత ఆత్మీయుడు మరొకరు లేరు. మధ్యాహ్నమయ్యేసరికి గది నిండిపోతుంది. "కాలెలా ఉంది సార్?" అని అడగనివారు పాపాత్ములు. సంఘం అధ్యక్షుడిగా ఆయన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. విజయోపన్యాసం ఆయన గదిలోనే జరిగింది, సాయంత్రందాకా సాగింది. తలలు వంచుకుని అందరూ విన్నారు. మధ్యలో కరెంటు పోయినప్పుడు మాత్రం సభ కాసేపు చెదిరింది.

కాలు ఎప్పుడో నయమైపోయింది. ఇంట్లో ఆయన మేడమెట్లు చకచకా ఎక్కుతారు. ఆఫీసు గేటు దగ్గరికి రాగానే కుంటడం మొదలవుతుంది. వచ్చినవాళ్ళకు అడగడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

నవ్వండి, తప్పులేదు. కాకపోతే మీ ఆఫీసులో ప్లగ్గు ఎవరి కుర్చీ పక్కనుందో, నిన్న మీరు ఎవరి మోకాలి నొప్పి గురించి అంత ఆప్యాయంగా వాకబు చేశారో, అది కూడా ఒకసారి గుర్తుతెచ్చుకుని నవ్వండి.