పదకొండు ముడుల తాడు

ఆదివారం ఉదయం ఆరింటికి లిఫ్ట్ మెకానిక్ వేసుకున్న పథకం చిన్నదే. ఎనిమిదికల్లా చేపలు పట్టే చిన్న తెడ్డుపడవ కయాక్‌కు ఎలక్ట్రిక్ మోటారు, నీటి లోతూ చేపల జాడా చూపే సోనార్ బిగించాలి. తొమ్మిదింటికి మామగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని చెరువులోకి దిగాలి. భుజం అరిగింది, ఇక తెడ్డు ముట్టొద్దని డాక్టర్ చెప్పినప్పటి నుంచి ఆ పెద్దాయన ఆదివారాలన్నీ కిటికీ దగ్గరే గడుపుతున్నారు.

అందుకే ముందురోజు ఫోన్ చేసి, "మామయ్యా, రేపు మీరు తెడ్డు పట్టే పనే లేదు" అని ఊరించాడు.

అటునుంచి ఆయన "సరే" అని పెట్టేశారు. సంతోషంతో నోట మాట రాలేదనుకున్నాడు అల్లుడు.

మోటారు పావుగంటలో కూర్చుంది. బ్యాటరీకే చోటు లేదు. వెనక సీటు విప్పి అక్కడ పెట్టాడు, తాత్కాలికంగా. రెండు స్టూళ్ల మీదున్న కయాక్ తోక నేలకు తగిలింది. బరువు సరితూగాలని ముందువైపు రెండో బ్యాటరీ పెట్టాడు. సోనార్ తీగ కోసం వేసిన రంధ్రం అంగుళం పక్కకు పోయింది. దాన్ని జిగురుతో మూస్తే, దానికి మోచెయ్యి అతుక్కుంది.

బ్యాటరీలు కట్టడానికి తాడు కావాలి. కయాక్ ముక్కులో, చివర సీసం గుండు ఉన్న పాత తాడు దొరికింది. నిండా ముడులు. పడవ అంచు కన్నాల్లో దూరడం లేదు. ముడి ఉన్నచోటల్లా కత్తిరించి పారేశాడు.

తొమ్మిదింటికి మామగారు వచ్చారు. చెరువుకెళ్లేటప్పుడు పెట్టుకునే టోపీ నెత్తిన లేదు. చేతిలో గాలం ఉంది.

"ఇది మీరే ఉంచుకోండి అల్లుడుగారూ. నన్ను రావద్దన్నారుగా."

ఆయనకు కోపం వస్తే తప్ప అల్లుడికి 'గారు' తగలదు.

"రావద్దని ఎవరన్నారు మామయ్యా? తెడ్డు పట్టక్కర్లేదన్నాను!"

"తెడ్డు పట్టనివాడికి పడవలో పనేంటి?" గోడవార పడున్న సీటు ఆయన కంటపడింది. "సీటు కూడా పీకేశారే. సంతోషం."

భార్య టీతో వచ్చి అది చూసింది. "ఏమండీ, మా నాన్నని లేపేసి ఆ డబ్బాని కూర్చోబెట్టారా?"

"తాత్కాలికంగానే!"

"పెళ్లయిన కొత్తలో ఈ ఇంట్లోకి దిగినప్పుడు కూడా తాత్కాలికంగానే అన్నారు. పద్నాలుగేళ్లయింది."

మామగారికి ఇవేవీ వినబడటం లేదు. ఆయన నేలకు వంగి, నొప్పి భుజాన్ని పట్టుకుని, తెగిన ముడులను ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకుంటున్నారు.

"ఇదేంటో తెలుసా అల్లుడూ?"

'గారు'తో పాటు కోపమూ పోయింది. అప్పుడే అల్లుడికి నిజంగా భయం వేసింది.

"తాడు..."

"చెరువు. చేప దొరికిన చోటల్లా గుండు వదిలి, ఆ లోతుకో ముడి వేశాను. ఇరవై రెండేళ్లలో పదకొండు."

రెండు అంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కున్న మనుషులను చాలామందినే బయటికి లాగాడు గాని, ఆ ఇరుకు ఎలా ఉంటుందో మెకానిక్‌కు ఆ క్షణంలోనే తెలిసింది. లోతు చెప్పడానికి సోనార్ ఉందిగా అనబోయి, ఆ అరచేతిని చూసి మింగేశాడు.

"తప్పయిపోయింది మామయ్యా. మీరు చోట్లు చూపించండి. లోతు ఇది చెబుతుంది. ముడులు నేను వేస్తాను."

"నేనెక్కడ కూర్చోవాలి?"

మిగిలింది ఒక్కటే సీటు.

అలా మామగారు ఒక్కరే చెరువులోకి దిగారు. ఒక్క వేలితో మోటారు తిప్పుతూ, "మొండిచెట్టు పక్కన! రెండు మీటర్ల పది!" అని కేకేస్తుంటే, అల్లుడు గట్టు మీద టేపుతో కొలిచి కొత్త తాడుకు ముడి వేశాడు. మధ్యాహ్నానికి తొమ్మిదయ్యాయి. మిగిలిన రెండూ ఎక్కడివో ఆయనకు గుర్తు రాలేదు. మోటారు ఆపి, నీళ్ల మధ్య నుంచి నాలుగు గట్లనూ కళ్లతో వెతికారు. అల్లుడు తల ఎత్తలేకపోయాడు.

ఒడ్డుకొచ్చాక, "పోనీలే, వెతుకుతాను. వచ్చే ఆదివారం కూడా పడవ తీసుకురా" అన్నారు. రెండడుగులు వేసి ఆగారు. "వెనక సీటు మాత్రం పెట్టకు. ఒక్కణ్నే అయితే కాళ్లు చాపుకోవచ్చు."

రెండు ముడుల కోసం గాలింపు ఇప్పుడు ఆరో వారంలో ఉంది. ప్రతి ఆదివారం రెండు బ్యాటరీలూ మోసి మోసి అల్లుడి భుజం అరిగిందని, ఇక బరువులు ముట్టొద్దని అదే డాక్టర్ చెప్పాడు.